ముప్పై మిల్లీలీటర్ల బూడిద రంగు: విజయనగరంలో ఒక డ్యూకో కొట్టు

గంటస్తంభం నుంచి అయిదు నిమిషాలు నడిస్తే ఒక ఇరుకు సందు వస్తుంది. కార్లకు, ఆటోలకు, లారీలకు రంగులు కలిపి ఇచ్చే దుకాణం ఒకటి అందులో ఉంది. బోర్డు ఎండకు వెలిసిపోయింది. చుట్టుపక్కల అందరూ దాన్ని డ్యూకో కొట్టు అనే పిలుస్తారు. 2025 సెప్టెంబరులో ఒక వాన సాయంత్రం ఆ కొట్టు మెట్టెక్కి, చెప్పుల పెట్టెలోంచి అరచేతిలో పట్టే బొమ్మ విమానం రెక్కను తీసి చూపించి, “దీనికి బూడిద రంగు కావాలండీ. ముప్పై మిల్లీలీటర్లు చాలు” అన్నాను. కౌంటరు వెనక ఉన్న పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, రెక్కను వెలుగుకి తిప్పి చూసి, “ఏ బూడిద?” అని అడిగారు.

స్కేల్ మోడల్ విమానాలు, అంటే అసలు విమానం కొలతలను తగ్గించి చేసే బొమ్మలు, చేసేవాళ్లకు ఆ ప్రశ్న విలువ తెలుస్తుంది. అందుకే ఈ సమీక్ష నేను కట్టిన కిట్ (ముక్కలుగా వచ్చే బొమ్మ విమానం) గురించి కాకుండా ఆ దుకాణం గురించి రాస్తున్నాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ పని చేస్తూ, ప్రతి చిన్న రంగు సీసాకీ పార్సిలు కోసం ఎదురుచూస్తున్నవారు ఎవరైనా ఉంటే వారికి పనికొస్తుంది.

రంగు విషయంలో నా మాటను ఎందుకు నమ్మాలో ముందు చెప్పాలి. నేను పళ్ల ల్యాబులో టెక్నీషియన్‌ని. కట్టుడు పళ్లు, క్యాపులు చేస్తాను. పంతొమ్మిదేళ్లుగా పంటి రంగుకి పంటి రంగు కలపడమే నా బతుకుతెరువు. మా దగ్గర షేడ్ గైడ్ అని ఒక పట్టీ ఉంటుంది, ఎ1 నుంచి డి4 దాకా పదహారు పళ్ల నమూనాలు దాని మీద వరుసగా ఉంటాయి. పేరుకి అన్నీ తెలుపే. ఎ వరుసలో ఎరుపు కలిసిన గోధుమ ఛాయ, బి వరుసలో పసుపు వైపు మొగ్గు, సి వరుసలో బూడిద. నోటి పక్కన పట్టుకుని అయిదారు సెకన్లు చూసి చూపు తిప్పుకోవాలి. అంతకన్నా ఎక్కువసేపు చూస్తే కన్ను అలసిపోయి అన్నీ ఒకటేలా కనబడతాయి. పగటి వెలుగులోనే చూడాలి. ఇన్నేళ్లుగా ఇదే పని చేసినవాడికి రంగు కలిపే మనిషి ఎలాంటివాడో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక విమానం సంగతి. మా నాన్నగారు వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా పదిహేనేళ్లు పనిచేశారు. అందులో ఎక్కువ కాలం మిగ్-21 యుద్ధ విమానాల దగ్గరే. 1963లో చండీగఢ్‌లో తొలి దళంగా చేరిన ఆ విమానాన్ని 2025 సెప్టెంబరు 26న అదే చండీగఢ్‌లో సాగనంపుతారని వార్త వచ్చింది. అరవై రెండేళ్ల కొలువు. ఆ రోజు ఉదయానికి నాన్నగారి బల్ల మీద బిస్ రకం మిగ్-21 ఒకటి నిలబడి ఉండాలని నిశ్చయించుకుని, 1/72 స్కేలు కిట్ తెప్పించాను. ఈ స్కేలులో అసలు విమానం ఆరడుగులు ఉన్నచోట బొమ్మ మీద ఒక అంగుళం వస్తుంది. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి ఏడు మీటర్ల పదిహేను సెంటీమీటర్లు ఉండే విమానం పది సెంటీమీటర్లకు దిగుతుంది.

కిట్ పేరు, అమ్మినవారి పేరు రాయను. దారిలో డబ్బా నలిగింది, ముందు చక్రం కాలు ఫ్రేములోనే విరిగి వచ్చింది. ఫిర్యాదుకి జవాబు లేదు. అది నా ఒక్కడికి జరిగిన సంగతి, దాన్ని పట్టుకుని ఎవరి పేరూ చెడగొట్టడం నాకు ఇష్టం లేదు. విరిగిన కాలికి రెండు వైపులా సన్నటి రంధ్రాలు వేసి, పళ్లకు క్లిప్పులు చేసే స్టెయిన్‌లెస్ తీగ అర మిల్లీమీటరుది లోపల దూర్చి అతికించాను. ఇప్పుడు విమానం మొత్తంలో గట్టి భాగం అదే.

నెల రోజుల పాటు ఆ పని ఇచ్చిన ఆనందం గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. రాత్రి తొమ్మిదికి ల్యాబు పని ముగించి, అదే దీపం కింద, అదే కుర్చీలో కూర్చునేవాడిని. కిట్ ముక్కల ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్‌కి వాడే జిగురు నిజానికి జిగురు కాదు, ద్రావకం. రెండు ముక్కలను నొక్కి పట్టుకుని అతుకు దగ్గర కుంచె మొన ఆనిస్తే చాలు, సన్నటి సందులోకి తనంతట తాను పాకుతుంది. ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి రెంటినీ ఒకటి చేస్తుంది. అలా పాకుతున్న తడి గీతను చూడటం నాకు ఎప్పటికీ విసుగు పుట్టించదు. కాక్‌పిట్ అద్దానికి మాత్రం ఆ ద్రావకం గానీ, క్షణాల్లో అతికే జిగురు గానీ దగ్గరకు రానివ్వకూడదు. ఆ రెండో దాని ఆవిరికి అద్దం లోపల తెల్లగా మసకబారుతుంది. నా మొదటి విమానం అద్దం అలాగే పోయింది. ఇప్పుడు చెక్కపనికి వాడే తెల్ల ఫెవికాల్ పెడతాను. ఆరితే పారదర్శకంగా ఉంటుంది, తప్పు పోతే తడిగుడ్డతో తుడిచేయవచ్చు.

నాన్నగారు రోజూ పొద్దున వచ్చి ముందు రాత్రి పని చూసేవారు. పెద్దగా మాట్లాడరు. ముక్కు మీద పొడవాటి పిటో గొట్టాన్ని (వేగం కొలిచేది) నేను సరిగ్గా మధ్యలో తాత్కాలికంగా నిలబెట్టి ఉంచిన రోజు మాత్రం కళ్లద్దాలు తెప్పించుకున్నారు. “పాత రకాలకి మధ్యలో ఉంటుందిరా. దీనికి పైన, కుడివైపుకి జరిగి ఉంటుంది” అన్నారు. సూచనల కాగితం తిప్పి చూస్తే అక్కడా అలాగే ఉంది. నేనే గమనించలేదు.

చిక్కంతా రంగు దగ్గర మొదలైంది. ఆగస్టు చివర్లో, దాచుకున్న లాకర్ రంగును (థిన్నరుతో కలిపి కొట్టే, తొందరగా ఆరే రంగు) గాలితో చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో రెక్క మీద కొట్టాను. మా ల్యాబులో కంప్రెసర్ ఉంది కాబట్టి గాలికి లోటు లేదు. అయితే ఆ వారమంతా ముసురు. కొట్టిన అయిదు నిమిషాలకే రెక్క మీద పల్చటి మజ్జిగ పోసి ఆరబెట్టినట్టు తెల్లటి పొర కట్టింది. సానపట్టి మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. మూడోసారికి రెక్క మీది రేకు అతుకుల గీతలు పూడిపోవడం మొదలైంది. పదో వంతు మిల్లీమీటరు మందం రంగు పడితే చాలు, అసలు విమానం మీద ఏడు మిల్లీమీటర్ల మందాన తారు పూసినట్టు అవుతుంది. రంగంతా తీసేసి మళ్లీ మొదటికి వచ్చాను. అప్పటికి సెప్టెంబరు రెండో వారం. గడువు పదిహేను రోజులు కూడా లేదు. మా వీధిలో కారు డెంటింగు పనిచేసే కుర్రాడు నా రెక్క చూసి, “మాకూ వానాకాలంలో ఇలాగే వస్తుందండీ, డ్యూకో కొట్టు బాబాయిని అడగండి” అన్నాడు. అలా ఆ మెట్టెక్కాను.

పెద్దాయన, అంటే నేనూ ఇప్పుడు బాబాయిగారు అనే పిలుస్తున్నాను, మొదటిరోజు రంగు జోలికి పోలేదు. నేను చివరి ప్రయత్నంగా కొట్టి తీసుకెళ్లిన ఆ రెక్కనే చూస్తూ, “ఇది తెల్లబారింది. ముసురులో కొట్టావా, బాబూ?” అన్నారు. తర్వాత ఆయన చెప్పింది నాకు అక్షరాలా గుర్తుంది. థిన్నరు తొందరగా ఆవిరైపోతూ తనతో పాటు వేడిని తీసుకుపోతుంది, తడి రంగు చల్లబడుతుంది, గాలిలోని చెమ్మ దాని మీద మంచులా దిగుతుంది, ఆ నీటిబొట్లు ఎండే రంగులో చిక్కుకుపోతే తెల్లగా కనబడుతుంది. సముద్రం ఇంత దగ్గరలో ఉన్న ఊళ్లలో జూన్ నుంచి అక్టోబరు దాకా రంగు కొట్టే ప్రతివాడికీ ఈ బాధ ఉందట. మందు కూడా ఆయన దగ్గరే ఉంది. రిటార్డర్ అంటారు, నెమ్మదిగా ఆవిరయ్యే ద్రావకం. థిన్నరులో కొంచెం కలిపితే పొర అంత తొందరగా చల్లబడదు, చెమ్మ బయటకు పోవడానికి వ్యవధి దొరుకుతుంది.

నాకు ఒక భయం ఉంది. ఆయన రంగులు రేకు మీద కొట్టేవి. నాది పలచటి ప్లాస్టిక్. నెమ్మదిగా ఆరే ద్రావకమంటే ఎక్కువసేపు ప్లాస్టిక్‌ని కొరుకుతూ కూర్చునేదని అర్థం. అదే మాట చెప్పాను. కొట్టువాళ్లలో చాలామంది ఇక్కడ “ఏం కాదులే” అంటారు. ఈయన మాత్రం, “ప్లాస్టిక్ సంగతి నాకు తెలియదు. పనికిరాని ముక్క ఉందా?” అని అడిగారు. చాలా ఐస్‌క్రీం చెంచాలు అలాంటి ప్లాస్టిక్‌తోనే చేస్తారు, మోడల్ పనివాళ్లం రంగులు పరీక్షించడానికి వాటినే వాడతాం. పక్క దుకాణం నుంచి అరడజను చెంచాలు తెచ్చాను. మొదటి చెంచా మీద ఆయన పనివాడు రంగు తడితడిగా కారేలా కొట్టాడు. పది నిమిషాల తర్వాత వేలు ఆనిస్తే ముద్ర పడింది, ప్లాస్టిక్ మెత్తబడింది. రెండో చెంచాకి ముందు ప్రైమరు పొర వేసి, పైన దూరం నుంచి పొడిపొడిగా మూడు విడతలు కొట్టించారు. దాని మీద ముద్ర పడలేదు, తెలుపూ రాలేదు.

ఆ తర్వాత నేను ఊహించని పని ఒకటి చేశారు. నా తెల్లబారిన రెక్కను ఒక పాత డబ్బా మూత మీద పెట్టి, తన చిన్న టచప్ గన్నులో రిటార్డరు కలిపిన థిన్నరు మాత్రమే పోసి, మూరెడు దూరం నుంచి ఒక్కసారి పొగలా వదిలారు. రెక్క తడిసినట్టు కూడా కనబడలేదు. చూస్తుండగానే ఆ తెలుపు అంచుల నుంచి లోపలికి వెనక్కి తగ్గింది. నోటితో ఊదిన అద్దం మీద ఆవిరి ఆరినట్టు, ముందు రెక్క ముందంచు తేలింది, తర్వాత చక్రం గూటి గీతలు, చివరికి మధ్యలో రూపాయంత మచ్చ మిగిలి అదీ పోయింది. కింద అసలు రంగు చెక్కుచెదరకుండా ఉంది. పది రోజుల నా శ్రమ ఆ ఒక్క ఊపిరిలో తిరిగి వచ్చింది. దీనికి ఆయన డబ్బు తీసుకోలేదు.

ఇప్పుడు రంగు కలపడం గురించి. బాబాయిగారి దగ్గర కంప్యూటరు మిషను లేదు. పదవ వంతు గ్రాము దాకా చూపించే ఎలక్ట్రానిక్ తూకం, గోడకి భారతీయ ప్రమాణాల షేడ్ కార్డు, వెనక అలమరలో గాఢమైన మూల రంగుల డబ్బాలు, ఇవీ ఆయన సరంజామా. కారు తలుపుకి అరలీటరు కలిపేటప్పుడు పదవ వంతు గ్రాము తేడా లెక్కలోకి రాదు. ముప్పై మిల్లీలీటర్లలో నలుపు ఆ కాస్త ఎక్కువైతే రంగే మారిపోతుంది. నేను ల్యాబు నుంచి సూది లేని రెండు మిల్లీలీటర్ల సిరంజిలు నాలుగు తీసుకెళ్లి ఇచ్చాను. ఆ రోజు నుంచి ఆయన చుక్కల లెక్కన కలుపుతున్నారు, కాగితం మీద గీతలు పెడుతూ.

రెండోసారి నాన్నగారిని తీసుకెళ్లాను. ఆధారంగా మా దగ్గర ఉన్నది ఒక్క ఫోటో. విమానం పక్కన నిలబడి తీయించుకున్నది. ఆ కాలపు రంగుల ఫోటోలన్నింటి లాగే ఎర్రగా మారిపోయింది, రంగు చూడటానికి పనికిరాదు. మిగిలింది ఆయన జ్ఞాపకం. బాబాయిగారు షేడ్ కార్డు మీద లైట్ అడ్మిరాల్టీ గ్రే, 697 అంకె ఉన్న గడి చూపించి అక్కడి నుంచి మొదలుపెట్టారు. నాన్నగారు చూసి, “ఇందులో నీలం ఎక్కువ” అన్నారు. తెలుపులో నలుపు కలిపితే వచ్చే బూడిద ఎప్పుడూ చల్లగా, నీలం వైపే ఉంటుంది. బాబాయిగారు రెండు చుక్కలు పచ్చమట్టి రంగు వేశారు. “ఇప్పుడు మురికిగా ఉంది” అన్నారు నాన్నగారు. “వాన రాబోయే ముందు పెద్దచెరువు నీళ్లు చూశారా, అన్నగారూ? ఆ రంగా?” అని ఈయన అడిగితే, “అంతకన్నా లేత” అని ఆయన. ఒకరు రంగును చుక్కల్లో ఆలోచిస్తారు, ఇంకొకరు తన చేత్తో తుడిచిన రేకును తలుచుకుంటారు. ఆ ఇద్దరి మధ్య కూర్చుని గంటన్నర ఎలా గడిచిందో నాకు తెలియలేదు.

మూడోసారికి సరిపోయిందనుకున్నాం. కొట్టులో ట్యూబులైటు కింద నాన్నగారు తల ఊపారు. మర్నాడు పొద్దున ల్యాబు వరండాలో చెంచాను చూస్తే ఆకుపచ్చ ఛాయ. నా వృత్తిలో ఇది పాత శత్రువు. రెండు రంగులు ఒక దీపం కింద ఒకటిగా కనబడి ఇంకో వెలుగులో విడిపోవడాన్ని మెటామెరిజం అంటాం. పంటి క్యాపు కుర్చీ దీపం కింద సరిపోయి, పెళ్లి ఫోటోలో వేరుగా కనబడితే మొత్తం మళ్లీ చేయాల్సిందే. చూడటానికి ఒకటే అయినా లోపలి మూల రంగులు వేరైతే ఇలా అవుతుంది. చెంచా తీసుకుని కొట్టుకు వెళ్లాను. ఆయన దాన్ని వీధిలోకి తెచ్చి ఒకసారి, లోపల ఒకసారి చూసి, “నీలం, పసుపు వేసి సర్దాను, అందుకే. మొదటి నుంచి కలుపుదాం” అన్నారు. ఈసారి తెలుపు, నలుపు, రవ్వంత ఎర్ర ఆక్సైడు. ఆ మూడే. పాత సీసా డబ్బులు వెనక్కి ఇవ్వబోతే నేనే వద్దన్నాను. కొత్త రంగు ట్యూబులైటు కింద, ఎండలో, సాయంత్రం మా ఇంటి పసుపు బల్బు కింద ఒకే మాట మీద నిలబడింది.

ఒక్క విషయంలో మాత్రం నేను వాదించాను. మోడల్ పనివాళ్లలో ఒక సూత్రం ఉంది. ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి 1/72 బొమ్మను చూడటమంటే అసలు విమానాన్ని ఇరవై ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి చూడటం. మధ్యలో ఉన్న గాలి రంగును కాస్త వెలవెలబోయేలా చేస్తుంది. కాబట్టి అసలు రంగులో కొంచెం తెలుపు కలిపి కొట్టాలి. బాబాయిగారికి ఇది నచ్చింది, సిరంజి చేతిలోకి తీసుకున్నారు కూడా. నాన్నగారు వద్దన్నారు. “నేను ఆ విమానాన్ని ఇరవై మీటర్ల దూరం నుంచి చూడలేదు. రోజూ చేత్తో తుడిచాను” అన్నారు. బాబాయిగారు సిరంజి కింద పెట్టేశారు. నేనూ ఇంకేమీ అనలేదు.

నాన్నగారే ఇంకో సంగతి చెప్పారు. ఏ విమానమూ ఒకే బూడిదలో ఉండేది కాదట. రేకు విప్పి బిగించిన చోట, గీసుకుపోయిన చోట కొత్తగా టచప్ చేసేవారు, అక్కడ రంగు తాజాగా ఉండి చుట్టూ వెలిసినట్టు కనబడేది. పొట్ట కింద ఎర్రటి హైడ్రాలిక్ నూనె కారి ఎండిన చారలు. దాంతో బాబాయిగారు అదే బూడిదను పది మిల్లీలీటర్లు వేరే తీసి, ఒక చుక్క నలుపు చేర్చి రెండో సీసా ఇచ్చారు. రెక్క మీద, వెన్ను వెంబడి అయిదారు చోట్ల చిన్న పలకలుగా దాన్ని కొట్టాను. చూసేవారికి తేడా ఉందని తెలియదు, కానీ విమానం పనిచేసినట్టు కనబడుతుంది. కాక్‌పిట్ లోపలికి వేసే నీలి ఆకుపచ్చ మాత్రం ఒక్క ప్రయత్నంలో కుదిరింది. మూత తీయగానే నాన్నగారు “ఇదే” అన్నారు. ఆ రంగు కళ్లకు అలసట రానివ్వదని పైలట్లు చెప్పేవారట.

సెప్టెంబరు 25 రాత్రి ఎడమవైపు వాయుసేన గుర్తుల స్టిక్కర్లు అంటించాను. వెలుపల కాషాయం, మధ్యన తెలుపు, లోపల ఆకుపచ్చ వలయాలు. నిగనిగలాడే క్లియరు (రంగులేని పైపూత) పొర మీదే వీటిని అంటించాలి. గరుకు రంగు మీద పెడితే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. కుడివైపుకి వేళ చాల్లేదు. మర్నాడు టీవీలో కార్యక్రమం వస్తున్నంతసేపూ విమానం ఎడమవైపు కనబడేలా నాన్నగారి బల్ల మీద ఉంది.

ఇప్పుడు దుకాణంలో లోటుపాట్లు. మెచ్చుకున్నాను కదా అని దాచడం సరికాదు.

అన్నింటికన్నా పెద్దది వెండి రంగు. కార్లకు వాడే అల్యూమినియం రంగులో లోహపు రజను ముతకగా ఉంటుంది. కారు తలుపు మీద అది అందం. పది సెంటీమీటర్ల విమానం మీద ఒక్కో రేణువూ బియ్యపు నూకంత అనిపిస్తుంది. ఎగ్జాస్టు గొట్టానికి వేసి చూసి తీసేశాను. రంగు వేయని లోహపు మెరుపు కావలసిన విమానం చేసేవారు ప్రస్తుతానికి ఈ కొట్టు మీద ఆధారపడకండి.

మ్యాట్ క్లియరు, అంటే మెరుపు లేని పైపూత, కూడా తీసుకోవద్దు. నేను రెండు చెంచాల మీద కొట్టాను, రెండింటి మీదా సున్నం పూసినట్టు గరుకుగా వచ్చింది. రిటార్డరు కలిపినా మారలేదు, కాబట్టి లోపం చెమ్మది కాదు, ఆ సరుకుదే. మామూలు నిగనిగలాడే క్లియరు బాగుంది, కాకపోతే నైట్రోసెల్యులోజు రకం గనక కాలం గడిచేకొద్దీ పసుపు తేలుతుంది. తెల్ల విమానాలకు వాడకండి. గుర్తుల మీద కొట్టేటప్పుడు మొదటి రెండు విడతలు మంచు పడినంత పల్చగా ఉండాలి, లేకపోతే ఆ ద్రావకానికి గుర్తులు ముడుచుకుంటాయి.

కొట్టులో గాలి ఆడదు. థిన్నరు వాసన గట్టిగా ఉంటుంది, అక్కడి పనివాళ్లు ముక్కుకి గుడ్డ తప్ప ఏమీ కట్టుకోరు. నాకు అది చూడటం కష్టంగా ఉంది. పళ్ల ల్యాబులో మేమూ మోనోమరు (కట్టుడు పళ్ల ప్లాస్టిక్‌కి కలిపే ద్రవం) ఆవిరిలోనే బతుకుతాం కాబట్టి దాని సంగతి తెలుసు. రెండు బొగ్గు ఫిల్టరు మాస్కులు కొని ఇచ్చాను. కుర్రాడు పెట్టుకుంటున్నాడు, బాబాయిగారు ఇంకా పెట్టుకోవడం లేదు. మీరు వెళ్తే మీ మాస్కు మీరు తీసుకెళ్లండి, గట్టిపడే రసాయనం కలిపే పి.యు. (పాలీయురెథేన్) రంగుల జోలికి మాత్రం ఇంట్లో కూర్చుని అస్సలు వెళ్లకండి.

ధర చెప్పాలంటే, మామూలుగా వంద మిల్లీలీటర్లకు తక్కువ కలపరు. మా బోటివాళ్లకు ముప్పై కలిపి ఇచ్చినందుకు సీసాకి 60 రూపాయలు తీసుకున్నారు. రిటార్డరు చిన్న సీసా 40. అదే పరిమాణంలో విదేశీ సీసా ఒకటి తెప్పించుకుంటే దీనికి అయిదారు రెట్లు అవుతుంది, వారం పది రోజులు పడుతుంది, సరిపోతుందన్న నమ్మకం లేదు. మూత గట్టిగా పట్టే గాజు సీసాలు మీరే తీసుకెళ్లండి, ఆయన ఇచ్చే ప్లాస్టిక్ సీసాలు నెల తిరిగేసరికి లోపలికి సొట్టపోతాయి. పదకొండు, మూడు గంటల మధ్య వెళ్లండి. అప్పుడు వీధిలో వెలుగు నిక్కచ్చిగా ఉంటుంది, ఆయనకి తీరిక కూడా ఉంటుంది. సాయంత్రం ఆరు దాటితే ఆటోలవాళ్లు వరుస కడతారు, ట్యూబులైటు కింద రంగు ఒప్పుకోవాల్సి వస్తుంది. పైడితల్లి అమ్మవారి పండగ రోజుల్లో దుకాణం తీయరు.

కలిపిన లెక్క రాసి ఉంచే అలవాటు ఆయనకి లేదు. అన్నీ తలలోనే. దీన్ని లోటుల్లోనే చేర్చి ఉండేవాడిని, కానీ మొన్న టచప్ బూడిద రెండో సీసా కోసం వెళ్లినప్పుడు కొత్త నోటుపుస్తకం తీశారు. మొదటి పేజీలో చుక్కల లెక్కతో “విమానం బూడిద 1”, దాని కింద “విమానం బూడిద 2” అని ఉంది. నాన్నగారు పెన్ను అడిగి తీసుకుని రెండుచోట్లా విమానం అన్న మాట కొట్టేసి మిగ్-21 అని రాశారు.

ఇప్పుడు నేను గ్నాట్ మొదలుపెట్టాను. ఇది ఇంకా చిన్నది, రెక్కలు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు దాటవు. 1965 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ యుద్ధ విమానాలను ఎదిరించిన ఆ చిన్న విమానాన్ని వెండి రంగులోనే చేయాలని ఉంది. ముతక రజను సంగతి చెబితే బాబాయిగారు కాసేపు ఆలోచించి, మెత్తటి అల్యూమినియం పేస్టు విశాఖపట్నంలో దొరుకుతుందని, వచ్చే నెల సరుకుతో పాటు పావు కిలో తెప్పిస్తానని అన్నారు. వచ్చాక చెంచా మీద కొట్టి చూసి, రేణువు కనబడుతుందో లేదో రాస్తాను.